ఆట పేరు చెప్పి పిలవకు

ఒరేయ్ చిన్నా,

మొన్న ఫోన్లో నీ గోడంతా విన్నాను. ట్రావెలర్ అని, తలా ఒక పాత్ర వేసుకుని డైస్ వేస్తూ అంతరిక్షంలో కథ నడిపించే ఆట, దాని పుస్తకం కొని ఆరు నెలలైంది, నాలుగుసార్లు చదివావు, గ్రహాల మ్యాపు కూడా గీసి పెట్టుకున్నావు, ఆడ్డానికి మాత్రం ఒక్కడూ దొరకలేదు. ఎవర్నడిగినా "డీ అండ్ డీ అయితే వస్తాం" అంటున్నారు, అదే, ఆ రాక్షసులూ మంత్రగాళ్లూ ఉండే డంజన్స్ అండ్ డ్రాగన్స్. అప్పటికి ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. ఫోన్లో ఏం చెప్పినా ఊ కొట్టి మర్చిపోతావు కాబట్టి రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నేను 1998లో వైటూకే ఉద్యోగం మీద ఒహాయోలో కొలంబస్ వెళ్లాను. ఆఫీసులో పక్క సీటాయన ఓ శుక్రవారం వచ్చి, "మా బేస్‌మెంట్‌లో నలుగురం కూర్చుని కథ ఆడుకుంటాం, ఒక మనిషి తగ్గాడు, వస్తావా? పిజ్జా ఉంటుంది" అన్నాడు. అంతే. ట్రావెలర్ అనలేదు, 1977 నాటి ఆట అనలేదు, రాసిన మార్క్ మిల్లర్ పేరెత్తలేదు. కొత్త ఊరు, చలికాలం, సాయంత్రమైతే ఏం తోచేది కాదు. వెళ్లాను. ఆయన దగ్గర చూసి తర్వాత నేనూ కొనుక్కున్న ఆ మూడు చిన్న నల్ల పుస్తకాలు ఇప్పటికీ నా బీరువాలో చీరల కింద ఉన్నాయి. అదే ఆయన "సైన్స్ ఫిక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్" అంటూ మొదలెట్టి ఉంటే, బట్టలుతుక్కోవాలని చెప్పి తప్పించుకునేదాన్ని.

నువ్వు తప్పటడుగు వేస్తున్నది అక్కడే. ఎన్నడూ వినని ఆట పేరు చెప్పి ఆడతావా అంటే ఎదుటివాడికి ఇంకేదో వినపడుతుంది. లావుపాటి పుస్తకం చదవాలి, ప్రతి ఆదివారం రావాలి, రాకపోతే వీడు మొహం మాడ్చుకుంటాడు. వాళ్లు వద్దంటున్నది ఆటని కాదురా, ఆ హోంవర్కుని. డీ అండ్ డీకి ఈ తంటా లేదు. అది 1974 నుంచీ ఉంది, సినిమాల్లోనో సీరియళ్లలోనో చూసే ఉంటారు, నేర్పేవాడు ఎక్కడో ఒకడు దొరుకుతాడు. అందుకని దాన్ని తిట్టకు. తిట్టావంటే నీ బల్ల దగ్గరికి రాగలిగిన వాళ్లలో సగం మందిని ముందే పోగొట్టుకున్నట్టు.

నువ్వు గ్రూపులో పెట్టిన మెసేజ్ నాకూ పంపావు కదా. "క్లాసిక్ సై ఫై ఆర్పీజీ, 2డీ6 సిస్టమ్, శాండ్‌బాక్స్ క్యాంపెయిన్, ఆసక్తి గలవారు సంప్రదించగలరు." టెండర్ నోటీసులా ఉంది. దాన్ని తీసేసి ఇలా పెట్టు:

"వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా. నలుగురు స్నేహితులకి అంతరిక్షంలో ఓ పాత సరుకు ఓడ ఉంది. దాని మీద నలభై ఏళ్ల లోన్. ఈ నెల ఈఎంఐకి డబ్బు చాల్లేదు. డబ్బాల్లో ఏముందో అడగొద్దంటూ ఒకాయన సరుకు ఇస్తానంటున్నాడు. తీసుకుంటారా? ఆట నేను నేర్పుతాను, ఏమీ చదువుకుని రానక్కర్లేదు. మూడు కుర్చీలు ఖాళీ."

ఈఎంఐ నేను కల్పించింది కాదు, పాత రూల్స్‌లోనే ఉంది. ఫ్రీ ట్రేడర్ అనే ఆ ఓడ ఖరీదు 3,70,80,000 క్రెడిట్లు. ఐదో వంతు ముందు కట్టాలి, ఆ తర్వాత నెలకి 1,54,500 చొప్పున 480 నెలలు. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవాడికి ఈ ఆట గురించి ఇంతకంటే చెప్పాలా? రాక్షసుల్ని చంపడం అందరికీ పట్టకపోవచ్చు గానీ, ఇరవయ్యో తారీఖుకే ఖాతా ఖాళీ అయ్యే బాధ తెలియనివాడు లేడు.

మొదటి సాయంత్రం ఏం ఆడించాలో కూడా చెప్తాను. కొత్తవాళ్లకి క్యారెక్టర్లు ముందే తయారుచేసి చేతిలో పెట్టమని అంటుంటారు. మిగతా ఆటలకి ఆ మాట నిజమే. ట్రావెలర్‌కి మాత్రం వద్దు, ఇందులో క్యారెక్టర్ తయారుచేయడమే సగం ఆట. పోయినేడు మా అపార్ట్‌మెంట్‌లో ఆడించినప్పుడు మూడో అంతస్తులో ఉండే ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చింది. లూడో డబ్బాలోని రెండు డైస్ ఇచ్చాను. తన క్యారెక్టర్ పద్దెనిమిదేళ్లకి స్కౌట్స్‌లో, అంటే అంతరిక్షంలో కొత్త చోట్లు వెతికే దళంలో, చేరుతుందంది. స్కౌట్స్‌లో ప్రతి నాలుగేళ్లకోసారి బతికామా లేదా అని డైస్ వేయాలి, రెండూ కలిపి ఏడు దాటాలి, లేదా కనీసం ఏడన్నా పడాలి. మొదటిసారి ఎనిమిది. రెండోసారి సరిగ్గా ఏడు. "ఇక్కడితో ఆపేయొచ్చు" అన్నాను. ఎన్ని నాలుగేళ్లు చేస్తే, దిగిపోయేటప్పుడు అన్నిసార్లు డైస్ వేసుకోవచ్చు, వాటిలో ఆరు పడితే చిన్న ఓడ చేతికొస్తుంది. ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంటూ, "ఇంకొక్కసారి ఆంటీ" అంది. పక్కన కూర్చున్న ఇద్దరూ వద్దు వద్దన్నారు. వేసింది. రెండూ, మూడూ.

చచ్చిపోయింది. ఆట ఇంకా మొదలే కాలేదు, క్యారెక్టర్ పోయింది. బల్ల దగ్గర ఎంత గోల చేశారంటే కింద వాచ్‌మన్ పైకి తొంగిచూశాడు. ఆ అమ్మాయి కాగితం నలిపేసి, "ఇంకోటి ఇవ్వండి" అని చెయ్యి చాపింది. ఆ చాపిన చెయ్యి చూశాక, ఇక వారం వారం మెసేజ్ పెట్టి బతిమాలక్కర్లేదని అర్థమైపోయింది.

నీ దగ్గరున్న, మంగూస్ కంపెనీ వాళ్లు తర్వాత వేసిన కొత్త పుస్తకంలో ఇలా చావరు, ఏదో ప్రమాదం జరిగి ఉద్యోగం పోతుంది. నెలల తరబడి ఒకే కథ సాగే క్యాంపెయిన్‌కి అదే మేలు. మొదటి సాయంత్రానికి మాత్రం పాత రూలే పెట్టు. మూడు గంటల్లో రెండు గంటలు జీవితాలు తయారుచేసుకోవడానికి, ఒక గంట ఆ డబ్బాల వ్యవహారానికి. రూల్సన్నీ ఒక ఏ4 కాగితంలో పట్టాలి. పీడీఎఫ్ ఎవరికీ పంపకు, పంపావంటే "చదివి చెప్తాం" అంటారు, ఇక వాళ్లు రారు.

ఎవర్ని పిలవాలి అంటావా. నీ చుట్టూ ఉన్న గేమర్లని కాసేపు పక్కన పెట్టు. నాటకాలు వేసేవాళ్లు, క్విజ్‌లకి వెళ్లేవాళ్లు, ఎక్సెల్ షీట్ చూస్తే కళ్లు మెరిసేవాళ్లు (ట్రావెలర్‌లో వ్యాపారం లెక్కలన్నీ వీళ్లకే వదిలెయ్యొచ్చు), కటాన్ లాంటి బోర్డ్ గేములు ఆడేవాళ్లు. బంజారాహిల్స్‌లో లామకాన్‌కి ఓ నాలుగు సాయంత్రాలు ఊరికే వెళ్లి కూర్చో. ఛాయ్ తాగుతూ గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు అక్కడ కనపడతారు, వాళ్లలో సగం మంది పుట్టు రోల్ ప్లేయర్లే, ఆ సంగతి వాళ్లకి తెలియదంతే.

అన్నిటికన్నా మంచి గని ఇంకొకటుంది, దాన్నెవరూ తవ్వరు. డీ అండ్ డీ నడిపించే డంజన్ మాస్టర్లు. పాపం వాళ్లు ఎప్పుడూ ఆడించడమే తప్ప ఆడరు. నీ ఎరుకలో ఉన్న ఒకాయన దగ్గరికి వెళ్లి, "మీకు పని ఒత్తిడి ఉన్న వారం చెప్పండి, ఆ ఒక్క వారం నేను నడుపుతా, మీరు కూర్చుని ఆడండి" అను. చాటుగా ఆయన ప్లేయర్లని లాక్కోకు. అది తెలిసిపోతుంది, ఊరంతా చెప్పుకుంటారు. దానికంటే ముందు నువ్వే వెళ్లి వాళ్ల బల్ల దగ్గర రెండు నెలలు బుద్ధిగా ఆడు. నువ్వు ఎవరి ఆటకీ వెళ్లకుండా అందరూ నీ ఆటకి రావాలంటే ఎలారా?

కొలంబస్‌లో ఏటా ఒరిజిన్స్ గేమ్ ఫెయిర్ జరిగేది. అక్కడ గేమ్స్ ఆన్ డిమాండ్ అని ఒక మూల ఉండేది. పెద్దగా పేరులేని ఆటలు నడిపేవాళ్లు రెండేసి ఆటల గురించి కార్డు మీద నాలుగు ముక్కలు రాసి పట్టుకునేవాళ్లు. నాకది చాలా పనికొచ్చింది. ఒకే ఆట చూపించి వస్తావా అంటే, వస్తాను రాను అని రెండు జవాబులు. రెండు చూపించి ఏది కావాలంటే, జనం వద్దామా మానదామా అన్నది మర్చిపోయి ఎంచుకోవడంలో పడతారు. ట్రావెలర్ పక్కన హనీ హైస్ట్ పెట్టు. ఎలుగుబంట్లు తేనె దొంగతనానికి వెళ్లే ఆట, రూల్సన్నీ ఒకే పేజీ. జనం దాన్నే ఎంచుకున్నారనుకో, సంతోషంగా అదే ఆడించు. ఎలుగుబంటిగా రెండు గంటలు నవ్వినవాడు వచ్చే నెల ఓడ ఎక్కుతాడు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. 2003లోనో ఆ దరిదాపుల్లోనో మొదటిసారి నేనే ఆట నడుపుతానని అందరికీ చెప్పాను. ఐదుగురు వస్తామన్నారు. ఇద్దరు వచ్చారు. ఒకమ్మాయి మంచులో ముప్పావు గంట డ్రైవ్ చేసుకుని వచ్చింది. నాకు చిన్నతనం అనిపించి, "ఇద్దరితో ఏం ఆడతాం, ఇంకోసారి చూద్దాం" అని కాఫీ ఇచ్చి పంపించేశాను. ఆ ఇద్దరూ మళ్లీ రాలేదు. రాని ముగ్గురి మీది కోపం వచ్చిన ఇద్దరి మీద చూపించినట్టయింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆట రద్దు చేయలేదు. ఆరుగురిని పిలువు, నలుగురు వస్తారనుకో, ఇద్దరొచ్చినా ఆడు. ఇద్దరికి సరిపోయే కథ ఒకటి జేబులో ఉంచుకో.

ఇక ఆడపిల్లలు రావట్లేదన్నావు. ఇది నన్నడగాల్సిన ప్రశ్నే. నేను ఆ బేస్‌మెంట్‌కి ధైర్యంగా ఎందుకు వెళ్లానో తెలుసా? ఎవరెవరు ఉంటారో, ఎన్నింటికి అయిపోతుందో ఆ పక్క సీటాయన ముందే చెప్పాడు, వాళ్లావిడ పైన ఉంటుందనీ చెప్పాడు. తర్వాత ఇంకో చోట, పేరెందుకులే, ఆట నడిపేవాడు నా క్యారెక్టర్‌ని ఎత్తుకుపోయే సీను పెట్టి నవ్వుతూ సాగదీశాడు. బాత్రూముకి వెళ్తున్నట్టు లేచి, కోటు వేసుకుని వచ్చేశాను. కాబట్టి ముక్కూమొహం తెలియనివాళ్లని మొదటిసారి ఇంటికి పిలవకు, కేఫ్‌లోనో నలుగురు తిరిగే చోటో పెట్టు. కథలో ఏమేం ఉండకూడదో మొదట్లోనే అడుగు. బల్ల మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డు పెట్టు. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన మొదలెట్టిన పద్ధతి అది. ఎవరు దాన్ని ముట్టుకున్నా ఆ సీను అక్కడితో వదిలేసి ముందుకెళ్లాలి, కారణం అడగకూడదు. ఎవరూ ముట్టుకోకపోవచ్చు, అయినా ఉండాలి.

తెలుగులో ఆడించు. ఇంగ్లిష్‌లో నటించమంటే మనవాళ్లకి మొహమాటం. మా బల్ల దగ్గర మూడు సెషన్లు నోరు విప్పని ఒకబ్బాయి ఉండేవాడు. ఓసారి నేను విసుగొచ్చి రేవు అధికారి పాత్రని తెలుగులోకి మార్చేశాను. వెంటనే ఆ అబ్బాయి గోదావరి యాసలో "ఏవండీ, మా సరుకు ఆపేత్తే ఎలాగండీ బాబూ" అని అందుకున్నాడు. ఇక ఆపలేకపోయాం. ప్రతి బల్ల దగ్గరా ఒక అప్రస్తుత ప్రసంగి తయారవుతాడు, ఓడ కాలిపోతుంటే ఇంజన్ గదిలో ఫ్యాన్ ఉందా అని అడుగుతాడు. వాణ్ని కసురుకోకు. అవధానంలో లాగే, వాడు లేకపోతే సభ చప్పబడుతుంది.

తారీఖు పెట్టేటప్పుడు క్యాలెండర్ చూడు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ. మాఘమాసంలో పెళ్లిళ్లు. భారత్, పాకిస్తాన్ మ్యాచ్ రోజున నీ ఓడ ఎవడికి కావాలి? తినడానికి మిర్చి బజ్జీ పెట్టకు, క్యారెక్టర్ షీట్లన్నీ నూనె మరకలవుతాయి. చేగోడీలు, వేయించిన పల్లీలు చాలు.

ఊళ్లో మరీ దొరక్కపోతే ఆన్‌లైన్ ఉండనే ఉంది. డాలస్‌లో మీ వదినా వాళ్లు ఆడతామంటున్నారు. శనివారం మనకి రాత్రి ఏడున్నర అంటే, వాళ్ల ఎండాకాలం గడియారం నడిచినన్నాళ్లూ వాళ్లకి పొద్దున తొమ్మిది, ఇద్దరికీ కుదురుతుంది. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, ఆ సంగతి ముందే గుర్తుచెయ్. ఆ ఒక్క గంట వల్ల చెదిరిపోయిన ఆటలు నేను రెండు చూశాను.

ఆట అయ్యాక "మళ్లీ కలుద్దాం" అనకు. వాళ్లు చెప్పులు వేసుకునేలోపే తర్వాతి తారీఖు అడుగు. అదీ మూడంటే మూడు సెషన్లని చెప్పు. మూడింటికి ఒప్పుకున్నవాళ్లలో ఎవరో ఒకరు నాలుగోది ఎప్పుడని వాళ్లంతట వాళ్లే అడుగుతారు. అడగలేదా, వదిలెయ్, ఇంకొకర్ని చూడు.

అన్నట్టు, మీ నాన్నని అడిగావా? నవ్వకు. ఆయన ముప్ఫై ఏళ్లు బ్యాంకులో లోన్ల సెక్షన్లో చేశాడు. రిటైరైన దగ్గర్నుంచీ మధ్యాహ్నం పూట ఏం తోచక పేపర్‌ని రెండోసారి చదువుతున్నాడని మీ అమ్మ చెప్పింది. 480 నెలల లోన్ కాగితం ఆయన ముందు పెట్టి, ఈ ఓడకి ఇది గిట్టుబాటవుతుందా అని ఒక్క మాట అడుగు. నేను ఆ ఆదివారం మూడున్నరకే వచ్చేస్తాను. డైస్ నావి తెచ్చుకుంటాను, మీ లూడో డబ్బాలోవి అరిగిపోయి ఉంటాయి.

మీ అత్త