ఎర్రమట్టి దిబ్బల్లో నడిచాక తలనొప్పి: సమాధానం

మే నెలలో విశాఖలోని అక్కగారింటికి వెళ్లి, ఉదయం ఒంటరిగా ఎర్రమట్టి దిబ్బల్లో తిరిగివచ్చిన ప్రతిరోజూ, రెండు లీటర్ల నీళ్లు తాగినా మీకు తలనొప్పి రావడానికి చెమటతో పోయిన ఉప్పు తిరిగి భర్తీ కాకపోవడమే కారణం కావచ్చు. తీరపు గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, చెమట మాత్రం కారుతూనే ఉంటుంది.

1. ఒక లీటరు ఓఆర్‌ఎస్ పొట్లాన్ని మొత్తంగా ఒక లీటరు నీటిలోనే కలపండి. చాలామంది తప్పేది ఇక్కడే: పొట్లమంతా గ్లాసు నీటిలో కలిపితే ఉప్పు గాఢమై మేలుకు బదులు కీడు చేస్తుంది. ఉప్పు వేసిన పలుచని మజ్జిగైనా సరిపోతుంది (అక్కగారింట్లో దానికి కొదవ ఉండదు). రక్తపోటు ఉంటే ముందుగా వైద్యుణ్ణి అడగండి.

2. దిబ్బల మధ్య నీడ తక్కువ కాబట్టి, ఎనిమిది గంటలకల్లా తిరుగుముఖం పట్టండి.

3. తిరిగివచ్చే వేళను ఇంట్లో చెప్పి వెళ్లండి. మాట తడబడితే నడక ఆపి 108కి ఫోన్ చేయండి.