ఆటోని క్రాప్ చేస్తే ఆటో ఉన్నట్టా, పోయినట్టా?

సందేహం: వాన వెలిశాక మొజంజాహి మార్కెట్ దగ్గర ఒక ఫోటో తీశాను. ఎడమ పక్కన ఆగిన ఆటో హెడ్‌లైటు మరీ కొట్టొచ్చినట్టు ఉందని దాన్ని తీసేశాను. కింద ‘రాత్రి తీసిన మూడీ ఫోటో, ఆటోని క్రాప్ చేశాను’ అని రాశాను. ‘ఆటో ఎక్కడుంది?’ అని ఒకాయన, ‘రాత్రంటే నిన్ననా?’ అని ఇంకొకరు అడిగారు. క్రాప్, కంపోజిషన్ (ఫోటోలో ఏది ఎక్కడ ఉండాలనే అమరిక), మూడీ లాంటివాటికి తెలుగు మాటలు వాడితే ఈ తంటా తప్పుతుందా? ఫోటో కూడా పంపుతున్నాను.

సమాధానం: ఈ తంటా ఇంగ్లీషు మాట తెచ్చిపెట్టింది కాదు. పిలకలు తీసేసి క్రాపు చేయించుకోవడం మొదలైననాడే ఆ మాట తెలుగైపోయింది. తల మీది క్రాపూ మీ ఫోటో క్రాపూ ఒకటే. పోనీ ‘ఆటోని కత్తిరించాను’ అని రాసినా చిక్కు తీరదు. గోళ్లు కత్తిరించాను అంటే పోయినవి గోళ్లు. టైలరు జాకెట్టు కత్తిరించాడంటే మిగిలింది జాకెట్టు. క్రియ ఒకటే, కర్మ మాత్రం ఒకచోట పోయేది, ఇంకోచోట ఉండేది. మీ ఆటో గోరో జాకెట్టో చదివినవాళ్లకు తెలియలేదు, అంతే. ‘ఆటో పోయేలా క్రాప్ చేశాను’ అనండి, గొడవ ఉండదు. ‘ఫోటోని సగానికి క్రాప్ చేశాను’ అన్నా ఇలాంటి పేచీయే. వెడల్పూ ఎత్తూ రెండూ సగమైతే 24 మెగాపిక్సెల్‌లలో మిగిలేవి 6. అది సగం కాదు, పావు. రాత్రిపూట ఫోటోల్లో ఎలాగూ గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టుండే చుక్కలు, ఎక్కువ, అంత చిన్న ముక్కను పెద్దది చేస్తే అదే ముందు కనబడుతుంది.

రాత్రి సంగతికొస్తే, అడిగినవారిదే న్యాయం. ‘రాత్రి నిద్ర పట్టలేదు’ అంటే గడిచిన రాత్రే కదా! భూతకాలంతో ఒంటరిగా వస్తే ఆ మాటకు మనం ముందు తీసుకునే అర్థం అదే. ‘రాత్రిపూట తీసిన’ అంటే సరిపోతుంది.

మూడీ మాత్రం నాకూ నచ్చలేదు. మన వాడుకలో మూడీ అంటే పలకరిస్తే పలకని మనిషి. ఫోటోకి తగిలిస్తే మార్కెట్ ఎవరి మీదో అలిగినట్టుంది. అక్కడ ఏముందో అదే చెప్పండి: మసక వెలుతురు, చిరుచీకటి. చిమ్మచీకటి అనకండి, అందులో కెమెరాకి దొరికేదేమీ ఉండదు. మనసుకు తోచింది చెప్పాలంటే దిగులుంది, గుబులుంది. రెండూ ఒకటి కావు. మూసిన షట్టర్ల ముందు వెలిగే ఒంటి దీపం దిగులు. మలుపు అవతల ఏముందో కనబడని సందు గుబులు.

కంపోజిషన్‌ను కూర్పు అనడం కొందరికి అలవాటు. కానీ సినిమా టైటిళ్లలో కూర్పు అంటే ఎడిటింగ్, ప్రెస్సులో అక్షరాల కూర్పు. నాకైతే పొందిక నచ్చుతుంది. ‘పొందిక కుదిరింది’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

మీ ఫోటోలో అది ఇంకా కుదరలేదు. నేను ఫోటోగ్రాఫర్ని కాను, చూసేవాణ్ణి. ఆటోతో పాటు ఎడమవైపు చీకటంతా పోయి, గడియారపు గోపురం ఫోటో అంచుకు అతుక్కుపోయింది. కావాలని చేసినట్టు లేదు, చెయ్యి జారినట్టుంది. క్రాప్ చేయడం తప్పని నేననను. అదంటే గిట్టని ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసాన్ కూడా, 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక తీసిన ఫోటోలో కంచె చెక్క అడ్డొచ్చిన పక్కను తీసేయాల్సి వచ్చింది. మీరు మాత్రం ఆ చీకటిని తిరిగి తెచ్చి, ఆటోని అక్కడే ఉండనిచ్చి, హెడ్‌లైటు వెలుగొక్కటే తగ్గించి చూడండి. ఎందుకంటే ఆటో పోయినా తడి రోడ్డు మీద దాని వెలుగు చార పొడవునా మిగిలిపోయింది. ‘ఆటో ఎక్కడుంది?’ అన్నాయన మీ వాక్యం సంగతి అడగలేదేమో, ఆ చారను చూసే అడిగాడేమో.