చిన్న షాపుకు కంప్యూటర్, సాఫ్ట్‌వేర్ తప్పనిసరా? మా ఎరువుల దుకాణం సంగతి చెబుతాను

హనుమకొండలో హార్డ్‌వేర్ షాపు పెట్టబోతున్నానని, కంప్యూటర్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లేకుండా ఈ రోజుల్లో వ్యాపారం నడుస్తుందా అని మీరు అడిగారు.

నడుస్తుంది. నర్సంపేట దగ్గర మాది ఎరువులు, విత్తనాల దుకాణం. మా బాపు పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. కంప్యూటర్ లేదనను, ఉంది. దాని ముందు ఎక్కువ కూర్చునేది మాత్రం మా అకౌంటెంట్. 11వ తేదీ లోపల ఒక జీఎస్టీ రిటర్న్, 20 లోపల ఇంకోటి వేసి వెళ్తాడు. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల చొప్పున లేటు ఫీజు పడుతుంది. మన వ్యాపారం సర్కారుకు కనబడాలి, కంప్యూటర్ దానికోసమే. ఆ లెక్కన తప్పనిసరే, వద్దన్నా ఎవరూ ఊరుకోరు. కానీ అది లేకుంటే దుకాణం నడవదు అంటే నేను ఒప్పుకోను.

మా ఎరువులకైతే 2018 నుంచి ఈ-పాస్ మిషన్ ఉండాల్సిందే. ఆధార్ నంబర్ కొట్టి, వేలిముద్ర వేయించి, బిల్లు తీసి బస్తా ఇవ్వాలి. అమ్మినట్టు మిషన్‌లో పడితేనే కంపెనీకి కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతోందంటే ఆ సబ్సిడీ పుణ్యమే. మిషన్ ఎందుకు పెట్టారో తెలియక మాట్లాడట్లేదు. (ఆ 50 పైసల చిల్లర ఎక్కడి నుంచి తేవాలో మాత్రం ఎవరూ చెప్పరు.)

ఒక వానాకాలం సంగతి వినండి. పత్తికి, మక్కకు ఒకేసారి యూరియా కావాల్సిన రోజులు, షాపు ముందు పెద్ద లైను. ఖానాపురం వైపు ఊళ్ల నుంచి ఒక ఆటో డ్రైవర్ ముసలివాళ్లను ఎక్కించుకొని వస్తాడు. పత్తి ఏరి, మిర్చి తెంపి వాళ్ల వేళ్ల మీద గీతలే మిగలవు. ఒక అవ్వ బొటనవేలు పెట్టింది, మిషన్ తీసుకోలేదు. తడిగుడ్డతో తుడిచి పెట్టింది, అయినా లేదు. చూపుడువేలు అయింది, ఉంగరం వేలు అయింది, ఎడమ చెయ్యి కూడా అయింది. వెనక ఒకటే గోల. "ఇగ కాలివేళ్లే మిగిలినయ్ కొడుకా, పెట్టమంటవా?" అంది. లైనంతా నవ్వింది. చివరికి ఆటో అతను ముందుకొచ్చి "నా ఆధార్ కొట్టు సేటూ" అని తన వేలు పెట్టాడు. టక్కున బిల్లు వచ్చింది. ఇక ఆ సీజనంతా అటు నుంచి వచ్చి వేలు పడని వాళ్లందరికీ అతని వేలే దిక్కయింది.

సీజన్ అయిపోయాక వ్యవసాయ శాఖ వాళ్లు మిషన్ లెక్కలోంచి ఎక్కువ బస్తాలు కొన్నవాళ్ల జాబితా తీశారు. పైన ఎవరి పేరుందనుకున్నారు? ఆటో అతనిదే! మనిషికి గుంట భూమి లేదు. "ఇన్ని బస్తాలు ఏం చేసిండు, ప్లైవుడ్ ఫ్యాక్టరీలకు పంపిండా?" అని విచారణకు వచ్చిన సారు నన్ను నిలదీశాడు. (సబ్సిడీ యూరియాను దొంగచాటుగా అక్కడ జిగురు తయారీకి వాడతారు.) మిషన్‌లో ఎంత వెతికినా అతని పేరు తప్ప ఇంకోటి లేదు. అప్పుడు మా బాపు గల్లా కింద నుంచి ఉద్దెర పుస్తకం తీశాడు. పేరు, ఊరు, రెండు యూరియా, ఒక పొటాష్, ఆటోలో పంపినది, పత్తి అమ్మినంక ఇస్తది. ఎవరి బస్తా ఎవరికి పోయిందో అంతా ఆయన చేతిరాతలో ఉంది. సారు పేజీలు తిప్పి, ముగ్గురు నలుగురికి ఫోన్ చేసి అడిగి, పుస్తకానికే ఫొటోలు తీసుకొని పోయాడు.

ఆ పుస్తకంలో రాయనిది కూడా చాలా ఉంటుంది. 2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చేసినప్పుడు ఊళ్లకు ఊళ్లు బాకీ పడ్డాయి. సాఫ్ట్‌వేర్ అయితే బాకీ పెరిగిందని చూపిస్తుంది, అంతవరకే. "బిడ్డ పెళ్లి ఆపుకొని మన పైసలు కట్టిన మనిషి, మళ్లీ ఇయ్యి" అని చెప్పడానికి బాపు ఉండాలి.

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయి చూడండి. 2016లో దేశంలో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ పంటల మార్కెట్ మొదలైంది, మన దగ్గర కూడా ధరలు ఆన్‌లైన్‌లోనే వేస్తారు. అయినా ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి, మిర్చి రంగు చూసి, విరిచి చూడనిదే రేటు చెప్పడు. రైతు కూడా సీజన్ మొదట్లో అప్పు ఇచ్చిన అడ్తి (కమీషన్ వ్యాపారి) దగ్గరికే సరుకు తెస్తాడు. ఏ యాప్‌లో ఈ లెక్క ఉంది?

మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వచ్చినప్పుడల్లా "అంతా ఆన్‌లైన్ చేద్దాం డాడీ" అంటాడు. గాలివాన వస్తే కరెంటు, నెట్ రెండూ పోతాయన్న సంగతి అప్పుడే మర్చిపోయాడు. వాడి మాట విని పేమెంట్ చెప్పే డబ్బా పెట్టాను. ఎవరు ఎంత కట్టారో అది షాపంతా వినిపించేలా అరుస్తుంది. పక్క రైతు ముందు "రెండు వందలు" అని వినబడితే కట్టిన మనిషికి ఎంత నామోషీ!

ఉన్నమాట చెప్పాలంటే నా గిరాకీ పెంచింది ఒక్క వాట్సాప్. రైతు తోటలోంచే ఆకు ఫొటో పంపుతాడు. మిర్చి ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. చూసి మందు చెబుతాను, సాయంత్రానికి మనిషి షాపుకు వస్తాడు. దానికి నేను ఎవరికీ పైసా కట్టట్లేదు.

మీది హార్డ్‌వేర్ కాబట్టి సైజులు, రకాలు వేలల్లో ఉంటాయి. స్టాక్ చూసుకోవడానికి సాఫ్ట్‌వేర్ కావాలనుకుంటే కొనుక్కోండి, నేను అడ్డు చెప్పను. అంతకంటే ముందు మేస్త్రీలకు, ప్లంబర్లకు ఉద్దెర ఎంతవరకు ఇస్తారో తేల్చుకోండి. మీ లైన్‌లో షాపులు మునిగేది అక్కడే. ఇక సాఫ్ట్‌వేర్ అమ్మే కుర్రాడు వస్తే రెండో ఏడాది రెన్యువల్ ఎంతో అడిగి, మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి.