ఓఎస్‌ఐ లేయర్లు బట్టీ పట్టినా ఎక్కడం లేదు, నెట్‌వర్కింగ్ ఎలా మొదలుపెట్టాలి?

బీకామ్ చేసి బెంగళూరు వచ్చానని, నెట్‌వర్కింగ్ కోర్సులో ఓఎస్‌ఐ (నెట్‌వర్క్ పనిని అంచెలుగా విడదీసి చెప్పే నమూనా) ఏడు లేయర్లు చదివినా బుర్రకెక్కడం లేదని రాశారు. నాదీ అదే పరిస్థితి. మారతహళ్లిలో మా పీజీ నెట్ పాడైన వారమే నాకు అసలు పాఠం.

సగం మందికి వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, నెట్ మాత్రం రాదు. పక్క మంచం అబ్బాయికి వస్తుంది, నాకు రాదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఒక్కోసారి నాకొచ్చి అతనికి పోతుంది. ఓనర్ అంకుల్ రౌటర్ రీస్టార్ట్ చేసీ చేసీ విసిగిపోయారు.

చివరికి ఇద్దరి లాప్‌టాప్‌లూ పక్కపక్కన పెట్టి ఐపీకాన్ఫిగ్ (నెట్‌వర్క్ అడ్రస్‌లు చూపించే విండోస్ కమాండ్) కొట్టాం. అతని గేట్‌వే, అంటే బయటి నెట్‌కి దారి ఇచ్చే రౌటర్ అడ్రస్, 192.168.1.1, నాది 192.168.0.1. మా మెయిన్ రౌటర్ ఇచ్చేవి 1 సిరీస్ అడ్రస్‌లే. మరి నాకు అడ్రస్ ఇచ్చిందెవరు?

నెట్‌వర్క్‌లో చేరగానే లాప్‌టాప్ ‘నాకు అడ్రస్ ఎవరిస్తారు’ అని అందరికీ వినపడేలా అడుగుతుంది. అదే బ్రాడ్‌కాస్ట్. డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పద్ధతి) నడుపుతున్న రౌటర్ ఏదైనా జవాబివ్వవచ్చు. మామూలుగా ముందొచ్చిన జవాబునే లాప్‌టాప్ నమ్ముతుంది. అందుకే ఒకసారి నాకు, ఒకసారి అతనికి.

ఏ అడ్రస్ ఏ పరికరానిదో లాప్‌టాప్ రాసుకునే ఏఆర్‌పీ టేబుల్‌లో ఆ గేట్‌వే మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) చూశాను. 48 బిట్లలో మొదటి 24 తయారీ కంపెనీని చెబుతాయి. అది మా మెయిన్ రౌటర్ కంపెనీ కాదు. గదిగదికీ వెళ్లి అడిగితే మూడో అంతస్తులో దొరికింది. కొత్తగా దిగినాయన సిగ్నల్ కోసం సొంత రౌటర్ తెచ్చుకుని, గోడ నుంచి వచ్చే కేబుల్‌ను వాన్ పోర్టుకు (బయటి నెట్ వచ్చే చోటు) బదులు లాన్ పోర్టులో (లోపలి పరికరాలు కలిపే చోటు) పెట్టారు. వాన్‌లో పెట్టి ఉంటే దాని డీహెచ్‌సీపీ ఆయన గది దాటేది కాదు. లాన్‌లో పెట్టేసరికి బిల్డింగంతా అడ్రస్‌లు పంచింది, కానీ బయటికి వెళ్లే దారి దానికే లేదు. పాపం, ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కేబుల్ మొదటి లేయర్, మ్యాక్ రెండోది, ఐపీ (192.168 లాంటి అడ్రస్) మూడోది. ఆ రోజు తర్వాత వాటిని మళ్లీ బట్టీ పట్టలేదు.

మీరూ నెట్ ఆగినప్పుడు ఈ వరసలో చూడండి. ముందు ఐపీ: 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ జవాబు రాలేదని దాదాపు ఖాయం. తర్వాత గేట్‌వేకి పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తుందో చూసే కమాండ్), ఆ తర్వాత బయటి నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. అదీ వచ్చి, సైట్ పేరు కొడితే మాత్రం తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్‌ను (సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది) అనుమానించండి. నెట్ బాగున్నప్పుడే ఒకసారి ఇవన్నీ కొట్టి, వచ్చిన అంకెలు నోట్‌బుక్‌లో రాసుకోండి. పాడైన రోజు పోల్చుకోవడానికి అవే కావాలి.