చలానా కట్టినా లైసెన్సు ఎందుకు ఆగింది?

పాఠకుల ప్రశ్నలు – న్యాయ సమాధానాలు

ప్రశ్న: నాకు 19 ఏళ్ళు. హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ నయీంనగర్‌లో గది కిరాయికి తీసుకుని ఉంటున్నాను. మా ఊరు నర్సంపేట దగ్గర. ఐదు నెలల కిందట బైకు లైసెన్సు వచ్చింది. మా బాపు పేరు మీదున్న బండితో సాయంత్రాలు భోజనం పార్సిళ్ళు అందించే పని చేసి గది కిరాయి, మెస్ బిల్లు కట్టుకుంటున్నాను. రెండు నెలల కిందట ఒక రాత్రి సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా, హ్యాండిల్‌కు బిగించిన ఫోన్‌లో మ్యాపు దారి తప్పితే వేలితో తెరను సరిచేశాను. ఫోన్ చేతిలోకి తీసుకోలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ట్రాఫిక్ పోలీసులు పక్కకు ఆపి, సెల్‌ఫోన్ వాడుతూ బండి నడిపానని సెక్షన్ 184 కింద చలానా రాసి, లైసెన్సు కార్డు తీసుకుని ఒక చీటీ ఇచ్చారు. మర్నాడే చలానా కట్టేశాను. అప్పటి నుంచి ఆ చీటీ జేబులో పెట్టుకుని బండి నడుపుతున్నాను. లైసెన్సు ఎందుకు సస్పెండ్ చేయకూడదో చెప్పమన్న నోటీసు ఊరి చిరునామాకు వెళ్ళిందట. బాపు దాన్ని అల్మారాలో పెట్టి మరిచిపోయాడు. పన్నెండు రోజుల కిందట, మూడు నెలలు సస్పెండ్ చేసినట్లు ఆదేశం వచ్చింది. కొత్త లైసెన్సు మొదటి ఏడాది తాత్కాలికమేనని, విచారణ లేకుండానే తీసేయవచ్చని స్నేహితులు అంటున్నారు. నోటీసు అందలేదని రాస్తే సరిపోతుందని ఇంకొకరు చెప్పారు. నేను ఈ ఆదేశాన్ని సవాలు చేయవచ్చా? చలానా కట్టినందుకు తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

సమాధానం: మీకు మిగిలినవి 18 రోజులే కాబట్టి ఈ సమాధానాన్ని ముందుగా మీకు విడిగా పంపించి, ఇలాంటి ఇబ్బందిలో ఉన్న ఇతరుల కోసం ఇక్కడ ప్రచురిస్తున్నాం. సవాలు సంగతి తర్వాత; ముందు బండి తాళం పక్కన పెట్టండి. పోలీసులు ఇచ్చిన చీటీ మీ లైసెన్సు తీసుకున్నామని చెప్పే రసీదు మాత్రమే. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 206(4)ను 2019లో చేర్చినప్పుడు, అలాంటి రసీదు చేతిలో ఉన్నా లైసెన్సు తిరిగి వచ్చేదాకా బండి నడిపే అధికారం ఉండదని అందులోనే రాశారు. ఇప్పుడు సస్పెన్షన్ ఆదేశం కూడా వచ్చింది కనుక, ఇక మీదట బండి నడిపితే సెక్షన్ 182 కింద మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంతకంటే నాకు భయం కలిగించే విషయం బీమా. అనర్హత (అంటే లైసెన్సు సస్పెన్షన్) కాలంలో ఉన్న వ్యక్తి నడుపుతుండగా ప్రమాదం జరిగితే బీమా సంస్థ బాధ్యత నుంచి తప్పుకోజూడటానికి చట్టమే వీలు కల్పించింది. ఒకవేళ బాధితులకు ముందుగా డబ్బు చెల్లించినా, ఆ మొత్తాన్ని బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఆ యజమాని మీ నాన్నగారు. నర్సంపేట దగ్గర ఎకరమో రెండెకరాలో సాగు చేసుకునే కుటుంబం మీద అలాంటి భారం పడితే ఏమవుతుందో మీకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

మీ స్నేహితులు చెప్పిన మాటలో నిజం లేదు. కొత్తగా లైసెన్సు పొందినవారిని కొంతకాలం పరీక్షాకాలంలో ఉంచి, వారికి వేరే కఠిన నియమాలు పెట్టే పద్ధతి కొన్ని దేశాలలో ఉంది గానీ, మన చట్టంలో లేదు. మన దగ్గర ఉన్నది ఆరు నెలలు చెల్లే లెర్నర్ లైసెన్సు; అది వచ్చిన 30 రోజుల తర్వాత పరీక్షకు హాజరై పాసైతే వచ్చేది పూర్తి లైసెన్సు. మీ దగ్గరున్నది ఆ రెండోదే. ఇరవై ఏళ్ళుగా బస్సు నడుపుతున్న డ్రైవరు లైసెన్సును సస్పెండ్ చేయాలంటే ఏ పద్ధతి పాటించాలో మీ లైసెన్సు విషయంలోనూ అదే పద్ధతి పాటించాలి. సెక్షన్ 19(1ఎ) ప్రకారం, పోలీసులు పంపిన లైసెన్సు చేతికి వచ్చాక లైసెన్సింగ్ అధికారి మీరు చెప్పుకునేది వినే అవకాశం ఇవ్వాలి. ఆ తర్వాత మిమ్మల్ని విడిచిపెట్టనూ వచ్చు, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి అనర్హులుగా ప్రకటించనూ వచ్చు. పోలీసులు పంపారు కాబట్టి సస్పెండ్ చేసి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఈ మాటను మీ అప్పీలుకు పునాదిగా పెట్టుకోండి.

చలానా విషయంలో మీరు పొరపాటు పడ్డారు. చాలామంది పడే పొరపాటే అది. కొన్ని ఉల్లంఘనలను రుసుము కట్టించుకుని కోర్టుకు వెళ్ళకుండా ముగించే వీలు సెక్షన్ 200లో ఉంది. సెక్షన్ 184 కింద వచ్చేవాటిలో ఫోన్ వాడకానికి మాత్రమే ఆ వీలు ఉంది. అయితే ఆ సెక్షన్ 200కే 2019లో చేర్చిన నిబంధనలు రెండు సంగతులు చెబుతాయి. రుసుము కట్టినంత మాత్రాన లైసెన్సు మీద జరిగే చర్య ఆగదన్నది ఒకటి. మళ్ళీ అదే తప్పు చేస్తే ఈ రుసుము కట్టిన సంఘటనను మొదటిసారిగా లెక్కిస్తారన్నది రెండోది. మొదటిసారికి మూడు నెలల అనర్హత, రెండోసారికి లైసెన్సు రద్దు అని సెక్షన్ 19(1ఎ) చెబుతోంది కనుక, మూడు నెలలే కదా అని ఊరుకునే ముందు ఈ రెండో సంగతిని మీరు ఆలోచించాలి. రోజూ రాత్రి రోడ్డు మీద ఉండే పని మీది. అప్పీలు గెలిచినా చలానా కట్టిన సంగతి చెరిగిపోదు గానీ, కట్టినందువల్ల అప్పీలు చేసుకునే హక్కు కూడా పోదు. చిన్న మొత్తం కనుక కోర్టు చుట్టూ తిరగలేక కట్టానని, ఫోన్ చేతిలో పట్టుకున్నానని ఎన్నడూ ఒప్పుకోలేదని అప్పీలులో ఒక వాక్యం రాయండి. అది మీ కథనం ప్రకారం నిజమే కదా.

ఇక అసలు వాదన. సెక్షన్ 184లోని వివరణ, బండి నడుపుతూ చేతిలో పట్టుకునే ఫోన్లు, అలాంటి పరికరాలు వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌గా చెబుతోంది. మీ ఫోన్ హ్యాండిల్‌కు బిగించి ఉంది. చేతిలో లేదన్న మాట ఒక్కటే చాలదు, ఎందుకంటే ఫోన్ అనేదే చేతిలో పట్టుకునే పరికరం, ఎక్కడ బిగించినా దాని స్వభావం మారదని అధికారి అనవచ్చు. అప్పుడు మీకు ఆసరాగా నిలిచేది కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 21వ నియమం. ఏ పనులు చేస్తే లైసెన్సింగ్ అధికారి అనర్హత విధించవచ్చో చెప్పే నియమమే అది. దానిలోని 25వ అంశాన్ని 2020లో మార్చారు. ఆ మార్పు 2020 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రం, డ్రైవరు ఏకాగ్రత చెదరని తీరులో ఈ పరికరాన్ని వాడవచ్చు. మీరు చెప్పినట్టే జరిగి ఉంటే మీది సరిగ్గా ఈ మినహాయింపులోకి వచ్చే సంగతి, కనుక మీ అప్పీలులో ఎక్కువ భాగం దీనికే కేటాయించండి.

ఇందులో మీకున్న బలహీనత కూడా తెలిసి ఉండాలి. తెరను వేలితో సరిచేశానని మీరే రాశారు. బండి ఆగి ఉంది కాబట్టి నడుపుతున్నట్టు కాదన్న వాదన మీద నేనైతే ఆధారపడను. ఇంజిను ఆడుతూ, ముందూ వెనకా బళ్ళతో సిగ్నల్ దగ్గర నిలబడినవాడు రోడ్డు మీద ఉన్నట్టేనని అంటే దానికి బదులు చెప్పడం కష్టం. ఆ వాదన చేయడం కంటే, ఎరుపు లైటు ఉండగా ఒక్కసారి తాకి వదిలేశానని, బండి కదులుతుండగా తాకలేదని, కాబట్టి ఏకాగ్రత చెదరలేదని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వేలు పెట్టనే లేదని మాత్రం రాయవద్దు. ఈ రోజుల్లో చలానాకు ఫొటో జతచేసి ఉండటం మామూలే. మీ బండి నంబరుతో వెతికి ఆ ఫొటో ముందుగా చూసుకోండి, అందులో ఫోన్ హోల్డర్‌లో కనిపిస్తే అంతకంటే మంచి సాక్ష్యం మరొకటి ఉండదు. ఆ సమయానికి కాల్స్ ఏవీ లేవని చూపే మీ ఫోన్ కంపెనీ కాల్ వివరాలు, ఆ రాత్రి ఏ ఆర్డరు ఎక్కడికి తీసుకువెళుతున్నారో చూపే యాప్ రికార్డు, బండికి బిగించిన హోల్డర్ ఫొటో జతచేయండి. కూడలిలో కెమెరా ఉంటే ఆ రాత్రి దృశ్యాలను భద్రపరచమని ట్రాఫిక్ పోలీసు అధికారికి ఇవాళే లేఖ ఇచ్చి, నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోండి. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టవచ్చు గానీ, దానికి జవాబు ఇచ్చే గడువే 30 రోజులు. ఆ జవాబు కోసం అప్పీలును ఆపకండి.

యాప్ రికార్డు గురించి ఒక హెచ్చరిక ఉంది. లైసెన్సు తీసుకున్న తర్వాత ఈ రెండు నెలలు మీరు చేసిన డెలివరీలన్నీ అదే రికార్డులో ఉంటాయి. మీరు అప్పీలుకు జతచేయవలసింది ఆ ఒక్క రాత్రి వివరం మాత్రమే, దానిలో దాచడమేమీ లేదు. కానీ లైసెన్సు చేతిలో లేని రోజులను కూడా సస్పెన్షన్ కాలంలో కలిపి లెక్కించమని అడగాలని మీకు ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ రోజుల్లో బండి నడపలేదని మీరు చెప్పలేరు. అధికారి నేరుగా అడిగితే, చీటీ ఉంటే చాలనుకున్నానని, తెలిసిన రోజు నుంచి మానేశానని నిజం చెప్పండి.

నోటీసు అందలేదని రాయవచ్చునా అని అడిగారు. రాయకూడదు. అది మీ ఇంటికి చేరింది, మీ నాన్నగారు తీసుకున్నారు, ఆ కవరు మీద తపాలా గుర్తులు ఉన్నాయి. అబద్ధం ఒక్కటి బయటపడితే, మ్యాపు గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా నమ్మేవారు ఉండరు. అయితే ఈ ఆదివారం ఊరికి వెళ్ళి ఆ కవరు వెతికి చూడండి. విచారణకు రమ్మన్న తేదీ ఎప్పుడు, కవరు మీ ఇంటికి చేరిన తేదీ ఎప్పుడు అన్నది పోల్చుకోవాలి. మీ నాన్నగారికి ఆ రోజు గుర్తు లేకపోయినా, కవరు మీదున్న 13 అక్షరాంకెల నంబరుతో తపాలా శాఖ వెబ్‌సైటులో చేరిన తేదీ చూడవచ్చు. విచారణ తేదీ దాటాకో, అంతకు ముందు రోజో కవరు చేరి ఉంటే, వినే అవకాశం పేరుకే ఇచ్చారని మీరు ధైర్యంగా రాయవచ్చు. పది రోజుల ముందే చేరి ఉంటే ఆ అంశాన్ని వదిలేసి, నాన్నగారు దాని ప్రాముఖ్యం తెలియక పక్కన పెట్టారని క్షమాపణతో ఒక మాట రాసి ముందుకు వెళ్ళండి. ఈ సందర్భంలో బాపు మీద కోపం పెట్టుకోకండి. ఆఫీసు భాషలో వచ్చిన కాగితాన్ని భద్రంగా దాచడమే ఆయనకు తెలిసిన జాగ్రత్త.

ఆదేశాన్ని కూడా మరోసారి చదవండి. మీరు పంపిన నకలులో అచ్చు వేసిన పత్రం, ఖాళీలలో మీ పేరు, సెక్షన్ నంబరు, కాలవ్యవధి తప్ప మరేమీ లేవు. మీరు ఏం చేశారో, దాన్ని అధికారి ఎందుకు నమ్మారో ఒక్క ముక్క కూడా లేదు. కారణాలు నమోదు చేయాలని చట్టం ఆదేశించినప్పుడు సెక్షన్ నంబరు రాయడం కారణం చెప్పడం కాదు. ఇది మీ రెండో బలమైన అంశం.

అప్పీలు సెక్షన్ 19(3) కింద, ఆదేశం అందిన రోజు నుంచి 30 రోజులలోగా చేయాలి. ఏ అధికారికి చేయాలో ఆదేశంలో లేకపోతే, ఆ ఆదేశం ఇచ్చిన కార్యాలయంలోనే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. మీరు కోరితే అప్పీలు అధికారి మీ మాట వినాలి, కనుక స్వయంగా హాజరై చెప్పుకుంటానని అందులో స్పష్టంగా కోరండి. అప్పీలు వేసినంత మాత్రాన సస్పెన్షన్ ఆగదు. తీర్పు వచ్చేదాకా దాన్ని నిలిపివేయమని వేరే దరఖాస్తు జతచేయండి, ఆ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా బండి ముట్టుకోకండి. చదువుకుంటూ ఈ పని మీదే బతుకుతున్నానన్న మాట రాయండి గానీ, దాన్ని చివర్లో ఉంచండి. మొదటిసారికి మూడు నెలలని చట్టమే నిర్ణయించింది కాబట్టి, జాలిపడి ఒక నెల చేయమని అడగడం కంటే అసలు తప్పే జరగలేదని అడగడం మేలు. ఈ సెక్షన్ ప్రకారం అప్పీలు అధికారి నిర్ణయమే అంతిమం. ఆ తర్వాత మిగిలేది హైకోర్టులో రిట్ పిటిషన్ మాత్రమే, మూడు నెలల సస్పెన్షన్ కోసం ఆ ఖర్చు మీ వంటివారు భరించాలని నేను చెప్పలేను. అప్పీలుకు న్యాయవాది తప్పనిసరి కాదు. రాయడానికి సాయం కావాలనుకుంటే హనుమకొండలో అదాలత్ కూడలి దగ్గర కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి అక్కడ న్యాయ సహాయం ఉచితం.

ఒకవేళ అప్పీలు తోసివేస్తే, మూడు నెలలు పూర్తికాగానే లైసెన్సు దానంతటదే ఇంటికి రాదు. గుర్తింపు పొందిన డ్రైవింగ్ స్కూలులో పునశ్చరణ శిక్షణ పూర్తి చేస్తేనే తిరిగి ఇస్తారు. ఆ శిక్షణ ఎక్కడ ఇస్తున్నారో ఇప్పుడే కనుక్కుని, సస్పెన్షన్ కాలంలోనే ముగించుకుంటే ఒక్క రోజు కూడా అదనంగా పోదు.

ప్రశ్న: హెల్మెట్ లేదని నా లైసెన్సును మూడు నెలలు సస్పెండ్ చేసినట్లు ఆదేశం వచ్చింది. పోలీసులు కార్డు తీసుకోలేదు, నా దగ్గరే ఉంది; ఫోన్‌లోనూ కనిపిస్తోంది. అడిగితే చూపించి వెళ్ళవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: వెళ్ళకూడదు. సస్పెన్షన్ పుట్టేది ఆదేశంతో. కార్డు ఎవరి దగ్గరుందన్నది దానికి సంబంధం లేని విషయం. అనర్హత పొందిన లైసెన్సుల వివరాలను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేస్తారు, తనిఖీ చేసే అధికారికి అక్కడే తెలిసిపోతుంది. పైగా ఆదేశం అందిన వెంటనే కార్డును లైసెన్సింగ్ అధికారికి అప్పగించవలసిన బాధ్యత సెక్షన్ 19(2) ప్రకారం మీదే. రేపే వెళ్ళి కార్డు ఇచ్చి, రసీదు తీసుకోండి. ఆదేశం అంది ఇంకా 30 రోజులు దాటకపోతే, పైన చెప్పిన అప్పీలు దారి మీకూ తెరిచే ఉంది.