జిల్లేడును జిల్లేడుగానే రాయి

అమ్మా,

నీ కథ అందింది. బీడులో గేదెను తోలుకొస్తూ నాయనమ్మ పాట ఆపేసే చోటు బాగుంది. కానీ మూడో పేజీలో "గులాబీ కొమ్మమీది పట్టుగూడు చీల్చుకుని సీతాకోకచిలుక ఎగిరిపోయింది" అన్నావు చూడు, అక్కడ కోపమొచ్చింది.

నారింజ రెక్కలు, నల్లటి అంచు, ముందు రెక్కల కొసన తెల్లమచ్చలు అన్నావు. అది ప్లెయిన్ టైగర్. మన బీళ్ళలో, పొలంగట్ల మీద తిరిగేదే. దాని పురుగుకు గులాబీతో పనిలేదు. తల్లి జిల్లేడాకు అడుగున ఒక్కో గుడ్డూ విడిగా పెడుతుంది. పురుగు ముందు గుడ్డు పెంకు తిని, తర్వాత ఆకు పట్టుకుంటుంది. ఒంటినిండా నలుపు, తెలుపు, పసుపు పట్టీలు. జిల్లేడు పాలలోని విషం ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పిట్టలు దీని జోలికి రావు. పట్టుగూడు కట్టదు. తలకిందులుగా వేలాడి చర్మం వదిలేస్తే, ఆకుపచ్చగానో లేత గులాబీరంగులోనో ప్యూపా, అంటే లోపల పురుగు సీతాకోకచిలుకగా మారే పెంకు, దానిమీద బంగారు చుక్కలు. బయటికొచ్చే ముందు పెంకులోంచే నారింజ రెక్క కనిపిస్తుంది. రాగానే ఎగరలేదు. రెక్కలు తడిగుడ్డలా ముడుచుకుని ఉంటాయి, విచ్చుకుని ఆరేదాకా అక్కడే వేలాడాలి. అంతసేపూ నాయనమ్మ నిలబడి చూడొచ్చు కదా! నువ్వు ఒక్క వాక్యంలో ఎగరగొట్టేశావు.

కుర్రతనంలో నేను వినుకొండలో ఎరువుల కొట్లో చిట్టాలు రాస్తూ రాత్రిళ్ళు కథలు రాసేవాణ్ణి. ఓ వారపత్రిక ఎడిటర్ నా కథలో ఈ పురుగు పెరిగే జిల్లేడు కొట్టేసి మల్లె పెట్టాడు. పాఠకులకు నచ్చదట. రథసప్తమి నాడు జిల్లేడాకులు తలమీద పెట్టుకుని స్నానం చేసేవాళ్ళకు జిల్లేడు నచ్చదని ఆయనకెవరు చెప్పారు? మల్లెతీగ మీద ఆ పురుగు ఆకలితో చస్తుంది. అచ్చయిన ఆ కథ మా అమ్మకు చూపించబుద్ధి కాలేదు. ఇప్పటి ఫ్యాషన్ ఇంకోటి: ప్రతి కథ చివరా స్వేచ్ఛకు గుర్తుగా ఓ సీతాకోకచిలుక. అది ఏ జాతో, ఏం తిని పెరిగిందో ఎవరికీ పట్టదు.

ఇంకో సంగతి. ఇదే వేషంలో డేనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో జాతి సీతాకోకచిలుకలో ఆడది కూడా తిరుగుతుంది. దానికి విషం లేదు, రంగులతోనే పిట్టలను నమ్మిస్తుంది. వెనకరెక్క మధ్యలో చూడాలి. ప్లెయిన్ టైగర్ ఆడదానికి అక్కడ మూడు నల్లచుక్కలు, మగదానికి నాలుగు. ఎగ్‌ఫ్లైకి ఆ చుక్కలుండవు. అది గుడ్లు పెట్టేది పాయలకూర మీద. నాయనమ్మ పాయలకూర కోస్తోందని నువ్వే రాశావు! మరి ఆవిడ చూసింది విషమున్నదాన్నా, వేషం వేసినదాన్నా? అది తేలితే నీ కథ నడుమ భాగమే మారిపోతుంది.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు మీ గట్టుమీద జిల్లేడాకులు తిప్పి చూసి, ఆ పేజీ మళ్ళీ రాసి నాకు పంపు.