చూపు లేనివాళ్లు సైకిల్ రేసుల్లో రాణించగలరా?

కడపలో ఉండే మా తమ్ముడికి చూపు బాగా తక్కువ, సైకిలంటే పిచ్చి, రేసులకు పనికొస్తాడా అని ఒకరు అడిగారు. నిక్షేపంగా!

వీళ్లు తొక్కేది రెండు సీట్ల టాండెం సైకిల్. హ్యాండిల్, బ్రేకులు ముందు కూర్చునే చూపున్న పైలట్ చేతిలో ఉంటాయి. పెడళ్లు రెంటినీ చెయిన్ కలుపుతుంది కాబట్టి ఒకరు ఆపితే రెండోవారి కాళ్లూ ఆగాల్సిందే. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు "ఎడమ మలుపు" అని పైలట్ ముందే అరవకపోతే బండి తూలుతుంది. (పాలకోవాకి ఆగేటప్పుడూ చెప్పాలి!)

చూపు తక్కువున్న స్కాట్లండ్ ఆటగాడు నీల్ ఫాకీ 2008 బీజింగ్ పారాలింపిక్స్‌లో పరుగు పందేలకు వెళ్లాడు, పతకం రాలేదు. టాండెంకు మారి 2012 లండన్‌లో కిలోమీటర్ టైమ్ ట్రయల్ (గడియారంతో పోటీపడే రేసు) స్వర్ణం కొట్టాడు. పైలట్‌కీ పతకం ఇచ్చారు.

నన్నడిగితే, సైకిల్ కంటే ముందు రోజూ పొద్దున్నే లేచి వచ్చే పైలట్‌ను వెతకండి. అసలు కష్టం అక్కడే.